గ్రీన్ బెల్ట్‌లో ఇళ్లు: అభ్యంతరం రాసేవాళ్ల అపోహలు, అసలు సంగతులు

"అక్కా, మా ఇంటి వెనక పొలంలో రెండొందల ఇళ్లు కడతారట. లాంప్ పోస్టుకు నోటీసు కట్టి వెళ్లారు. అది గ్రీన్ బెల్ట్ కదా, ఎలా కడతారు?"

ఇలాంటి ఫోన్లు నాకు నెలకు రెండు మూడైనా వస్తాయి. ఇంగ్లండ్‌లో ప్లానింగ్ పనిలో, అంటే ఎక్కడ ఏం కట్టవచ్చో తేల్చే అనుమతుల పనిలో, పద్నాలుగేళ్లుగా ఉన్నాను. మొదట తొమ్మిదేళ్లు ఒక కౌన్సిల్‌లో (స్థానిక ప్రభుత్వంలో) కేస్ ఆఫీసర్‌ని. అంటే దరఖాస్తు పరిశీలించి, స్థలం చూసి, వచ్చిన అభ్యంతరాలన్నీ చదివి రిపోర్టు రాసే ఉద్యోగం. ఇప్పుడు ఊరివాళ్లకు, పారిష్ కౌన్సిళ్లకు (ఊరి స్థాయి చిన్న కౌన్సిళ్లకు) సలహాలిస్తున్నాను. స్లౌ, వాట్‌ఫర్డ్, బర్మింగ్‌హామ్ చుట్టుపక్కల మనవాళ్లు ఎందరో ఊరి అంచున కొత్త ఎస్టేట్లలో (ఇళ్ల కాలనీల్లో) ఇళ్లు కొనుక్కున్నారు. అంచు దాటితే గ్రీన్ బెల్టే, అంటే పట్టణాలు పాకకుండా వాటి చుట్టూ ఖాళీగా ఉంచే నేల. అలా ఈ టెన్షన్ మన ఇళ్లలోకీ వచ్చింది.

వేల అభ్యంతరాలు చదివాను. రాసినవాళ్ల బాధలో అబద్ధం లేదు. కానీ నిర్ణయం తీసుకునేవాళ్లకు పనికొచ్చే మాట అందులో లేక, చాలా ఉత్తరాలు ఫైల్లోనే ఉండిపోయాయి. అది చూసి చూసి ఇది రాస్తున్నాను. ఇక్కడ చెప్పేవన్నీ ఇంగ్లండ్ రూల్సే. స్కాట్లండ్, వేల్స్ సంగతి వేరు.

అపోహ: గ్రీన్ బెల్ట్‌లో ఒక్క ఇటుక కూడా పెట్టకూడదు.

ఎప్పుడూ అలా లేదు. లండన్ చుట్టూ ఖాళీ నేలను కాపాడటానికి 1938లో ఒక చట్టం వచ్చింది. 1955లో డంకన్ శాండిస్ అనే మంత్రి మిగతా నగరాల చుట్టూ కూడా గ్రీన్ బెల్ట్ పెట్టుకోమని కౌన్సిళ్లకు సర్క్యులర్ పంపారు. ఇప్పుడు ఇంగ్లండ్ నేలలో దాదాపు ఎనిమిదో వంతు గ్రీన్ బెల్టే. అందులో వ్యవసాయానికి కావాల్సిన షెడ్లు, పాత ఇంటి స్థానంలో దాదాపు అంతే ఇల్లు, ఊరి మధ్య ఖాళీల్లో ఒకటో రెండో ఇళ్లు ఇదివరకూ కట్టుకునేవారు. ఇక మిగతా కట్టడాలు అక్కడ తగవని, చాలా ప్రత్యేకమైన కారణాలుంటే తప్ప అనుమతి ఇవ్వకూడదని జాతీయ ప్లానింగ్ విధానం చెబుతుంది.

పెద్ద మార్పు 2024 డిసెంబరులో వచ్చింది. ఈ పార్లమెంటు కాలంలో 15 లక్షల ఇళ్లు కట్టాలన్నది ప్రభుత్వ లక్ష్యం. ఆ నెలలో సవరించిన జాతీయ విధానంలో 'గ్రే బెల్ట్' అనే కొత్త మాట చేర్చారు. మీరు అభ్యంతరం రాయబోతుంటే ఇది బాగా అర్థం చేసుకోవాలి.

గ్రీన్ బెల్ట్‌కు ఐదు ప్రయోజనాలు రాసి ఉన్నాయి. పెద్ద పట్టణాలు అడ్డూ అదుపూ లేకుండా పాకకుండా ఆపడం, పక్కపక్క పట్టణాలు కలిసిపోకుండా చూడటం, పల్లె నేలను కాపాడటం, చారిత్రక పట్టణాల చుట్టూ ఉన్న వాతావరణాన్ని నిలపడం, పట్టణం లోపల పాడుబడ్డ స్థలాలను ముందు వాడుకునేలా చేయడం. వీటిలో మొదటిది, రెండోది, నాలుగోది తీసుకుని, మీ పొలం ఆ మూడింట్లో దేనికీ బలంగా ఉపయోగపడటం లేదని తేలితే అది గ్రే బెల్ట్. ఇంతకుముందే కట్టడాలున్న స్థలాలకూ ఇదే పరీక్ష. అలాంటి చోట ఇళ్ల అవసరం ఉండి, బస్సో రైలో అందే దూరంలో ఉండి, మిగతా షరతులు కూడా నెరవేరితే ఆ ఇళ్లను 'తగని కట్టడం' అనడానికి లేదు. డెవలపర్ చాలా ప్రత్యేకమైన కారణాలు చూపించాల్సిన పనే పడదు.

కాబట్టి "ఇది గ్రీన్ బెల్ట్, తిరస్కరించండి" అని ఒక్క ముక్క రాస్తే ఇప్పుడు చాలదు. మీ పొలం ఏ రెండు పట్టణాల మధ్య ఉంది, ఎంత వెడల్పు ఉంది, అది నిండితే మిగిలే ఖాళీ ఎంత అనేది మ్యాప్ పెట్టుకుని రాయాలి. ఇక్కడే ఇంకో చిక్కుంది. 2025 ఫిబ్రవరిలో ఇచ్చిన ప్రభుత్వ మార్గదర్శకాల ప్రకారం 'పక్కపక్క పట్టణాలు' అంటే పట్టణాలే, ఊళ్లు లెక్కలోకి రావు. మా ఊరు పక్క ఊరితో కలిసిపోతుందన్న వాదన మునుపటిలా నిలవదు. ఇది ఊళ్లకు అన్యాయమనే నా అభిప్రాయం. రెండు ఊళ్ల మధ్య పొలం పోతే అక్కడివాళ్లకు కలిగే నష్టం పట్టణాల వాళ్ల నష్టం కంటే చిన్నదేమీ కాదు. అయినా రూల్ అలా ఉన్నప్పుడు ఆ మాటను వేరే దారిలో చెప్పాలి. ఆ పొలం దూరం నుంచి ఎలా కనిపిస్తుంది, ఊరి రూపానికి అది ఎలా ముడిపడి ఉంది, స్థానిక ప్లాన్‌లో (ఎక్కడ ఏం కట్టవచ్చో కౌన్సిల్ రాసుకునే పత్రంలో) ఆ ప్రాంత స్వభావం గురించి ఏం రాశారు, ఇవి పట్టుకోండి.

అపోహ: గ్రీన్ బెల్ట్ అంటే ప్రకృతి రక్షణ ప్రాంతం.

హైదరాబాద్ నుంచి వచ్చినవాళ్లు దీన్ని 111 జీవోతో పోలుస్తారు. 1996లో వచ్చిన ఆ జీవో ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ చుట్టూ పది కిలోమీటర్ల మేర 84 గ్రామాల్లో కట్టడాలపై ఆంక్షలు పెట్టింది. అది జలాశయాల్లోకి వచ్చే నీటిని కాపాడటానికి. ఇంగ్లండ్ గ్రీన్ బెల్ట్ ఉద్దేశం అది కాదు, పట్టణాల మధ్య ఖాళీ ఉంచడం. గోల్ఫ్ కోర్సు, గుర్రాల మేత బీడు, ఏటా మందు కొట్టే గోధుమ పొలం కూడా గ్రీన్ బెల్టే. చాలావరకు ప్రైవేటు భూమి, కాలిబాట ఉంటే తప్ప లోపలికి వెళ్లే హక్కు కూడా మనకు ఉండదు. గబ్బిలాలు, పాత కంచె చెట్లు, తడి నేల ఉంటే అది విడిగా, బలంగా వాదించాల్సిన విషయం. 2024 ఫిబ్రవరి నుంచి పెద్ద ప్రాజెక్టులు జీవవైవిధ్యాన్ని ఉన్నదాని కంటే కనీసం 10 శాతం పెంచి చూపించాలి. ఆ లెక్క ఏ సర్వే మీద వేశారో, ఏ నెలలో చేశారో అడగండి.

అపోహ: ఎన్ని ఉత్తరాలు పడితే అంత బలం.

వాట్సాప్ గ్రూపులో ఒకరు ఉత్తరం తయారుచేస్తారు, కింద పేరు మార్చి అందరూ పంపిస్తారు. నలుగురితో నారాయణ. నేను కేస్ ఆఫీసర్‌గా ఉన్నప్పుడు ఒక దరఖాస్తుకు ఇలాంటివి నాలుగొందలు పైనే వచ్చాయి. అన్నీ చదివాను, అది నా పని. రిపోర్టులో మాత్రం అవన్నీ కలిసి ఒక్క పేరా అయ్యాయి, ఎందుకంటే వాటిలో ఉన్నది ఒక్కటే ఉత్తరం.

అదే ఫైల్లో ఇంకో ఉత్తరం ఉంది. రోజూ పసిపిల్లను బగ్గీలో (పిల్లల తోపుడు బండిలో) పెట్టుకుని, పెద్దవాడిని బడికి నడిపించే ఒక తల్లి రాసింది. ఎస్టేట్ గేటు పెట్టబోయే చోటికి కాస్త ముందే ఫుట్‌పాత్ ఆగిపోతుందని, అక్కడి నుంచి బగ్గీ రోడ్డు మీదికి దించాల్సిందేనని, మలుపు వల్ల వచ్చే కార్లు కనిపించవని రాసి, ఉదయం ఎనిమిదిన్నరకు తీసిన ఫొటోలు జత చేసింది. డెవలపర్ ఇచ్చిన నూట ఇరవై పేజీల ట్రాఫిక్ రిపోర్టులో ఆ ముక్క లేదు. రోడ్ల సంగతి చూసే హైవేస్ ఆఫీసర్ వెళ్లి చూసి, గేటు జరిపి ఫుట్‌పాత్ కలిపేదాకా ఒప్పుకోలేదు.

ప్లానింగ్ నిర్ణయం ఓటింగ్ కాదు. 2004 చట్టంలోని సెక్షన్ 38(6) ప్రకారం స్థానిక ప్లాన్‌ను బట్టే నిర్ణయించాలి, దాన్ని కాదనాలంటే ప్లానింగ్‌కు సంబంధించిన కారణాలుండాలి. సంఖ్య అసలు పనికిరాదని అనడం లేదు. ఇన్ని అభ్యంతరాలు దాటితే ఆఫీసర్ స్థాయిలో తేల్చకుండా కౌన్సిలర్ల కమిటీకి పంపాలనే నియమం చాలా కౌన్సిళ్లలో ఉంది. కమిటీకి వెళ్తే మీ తరఫున ఒకరు మాట్లాడవచ్చు, చాలా చోట్ల మూడు నిమిషాలిస్తారు. కానీ కమిటీలో గెలిపించేది ఆ తల్లి రాసినలాంటి ఉత్తరమే.

అపోహ: ఇంటి ధర పడిపోతుందని రాస్తే వింటారు.

వినరు. ధర, మీ కిటికీలోంచి కనిపించే దృశ్యం పోవడం, బిల్డర్ మంచివాడు కాదన్న మాట, ఇవేవీ లెక్కలోకి రావు. కొత్తగా వచ్చేవాళ్లు ఎలాంటివాళ్లోనన్న మాట ఎప్పుడూ రాయకండి, అది తప్పు కూడా. వెలుతురు తగ్గడం, మీ పడకగదిలోకి చూసేంత దగ్గరగా కిటికీ రావడం, శబ్దం, రోడ్డు భద్రత, వరద, ఇవి లెక్కలోకి వస్తాయి.

అపోహ: స్కూళ్లు, జీపీలు (ఫ్యామిలీ డాక్టర్లు) నిండిపోయాయి, ఇక అనుమతి రాదు.

అభ్యంతరాల్లో ఎక్కువగా కనిపించేది ఈ మాటే. జీపీ అపాయింట్‌మెంట్ కోసం పొద్దున్నే ఫోన్ పట్టుకుని కూర్చునే వాళ్లందరికీ ఇది నిజమని తెలుసు. నాకూ తెలుసు. కానీ 1990 చట్టంలోని సెక్షన్ 106 కింద డెవలపర్ డబ్బు కట్టో, స్థలం ఇచ్చో ఆ కొరత తీరుస్తానని ఒప్పందం రాసిస్తాడు. దాంతో "స్కూలు నిండింది" అన్న అభ్యంతరానికి కాగితం మీద జవాబు దొరికినట్టే. పైగా కొత్త ఇళ్ల వల్ల పెరిగే అవసరానికే ఆ డబ్బు అడగొచ్చు, ముందునుంచీ ఉన్న కొరతకు అడగకూడదు.

ఇక్కడ గట్టిగా అడగాల్సినవి వేరే ఉన్నాయి. ఆ డబ్బు ఏ స్కూలుకు వెళ్తుంది? ఆ స్కూల్లో గదులు కట్టడానికి స్థలం ఉందా? ఎన్నో ఇంట్లోకి మనుషులు దిగేలోపు డబ్బు కట్టాలి? యాభయ్యో ఇంటికా, నూటయాభయ్యో ఇంటికా? ఈ ఒక్క అంకె మీద పిల్లల మూడు నాలుగేళ్ల చదువు ఆధారపడుతుంది. దీని గురించి రాసిన నివాసులు నాకు చాలా తక్కువమంది తగిలారు. ఒప్పందం మీద సంతకాలయ్యాక అడిగితే చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే.

అపోహ: అభ్యంతరం రాస్తే ఇల్లు లేనివాళ్ల పొట్ట కొట్టినట్టు.

ఈ మాట కొందరు మంచి మనసుతోనే అంటారు. మనం ఉంటున్న ఎస్టేటూ ఒకప్పుడు ఎవరో కాపాడుకోవాలనుకున్న పొలమే. ఇళ్లు కావాలి, నాకు అందులో రెండో మాట లేదు. అయితే వ్యతిరేకించడం, ఊరుకోవడం, ఈ రెండే దారులు కావు. కౌన్సిల్ వెబ్‌సైట్‌లో సాధారణంగా తటస్థంగా రాసే వీలూ ఉంటుంది. కొత్త విధానం ప్రకారం గ్రీన్ బెల్ట్ నేల మీద పెద్ద హౌసింగ్ ప్రాజెక్టు వస్తే, ఆ కౌన్సిల్ మామూలుగా అడిగే అఫర్డబుల్ ఇళ్ల (మార్కెట్ కంటే తక్కువ ధరకో అద్దెకో ఇచ్చే ఇళ్ల) వాటాకు మరో 15 శాతం కలపాలి, 50 శాతం మించకుండా. మామూలుగా 30 అడిగే చోట 45 అన్నమాట. ప్రజలు వాడుకునే పచ్చని స్థలం, కావాల్సిన సౌకర్యాలు కూడా ఇవ్వాలి. లాభం మిగలదని చెప్పి తర్వాత ఆ వాటా తగ్గించుకోవాలని చూసేవాళ్లుంటారు. ఆ 45లో ఒక్క ఇల్లూ తగ్గకూడదని రాయడం కూడా నివాసులు చేయగల పనే.

అపోహ: వీసా మీద ఉన్నాం, అద్దెకున్నాం, మనమెలా రాస్తాం?

ఎవరైనా రాయవచ్చు. పౌరసత్వం అక్కర్లేదు, ఇల్లు మీ పేరున ఉండక్కర్లేదు, ఓటు ఉండక్కర్లేదు. దీనివల్ల వీసాకు ఏ ఇబ్బందీ రాదు. పేరు, చిరునామా ఇవ్వాలి, అవి సాధారణంగా మీ ఉత్తరంతోపాటు వెబ్‌సైట్‌లో కనిపిస్తాయి. అందుకే పిల్లల పేర్లు, ఆరోగ్య వివరాలు అందులో పెట్టకండి. నేను చదివిన వేల ఉత్తరాల్లో మన పేర్లు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే. ఆ రోడ్ల మీద బడికి నడిచే పిల్లల్లో మన పిల్లలు అంత తక్కువేమీ కాదు. ఇంగ్లిషు గొప్పగా ఉండనక్కర్లేదు, చూసింది చూసినట్టు రాయండి. గడువు కనీసం 21 రోజులుంటుంది, నోటీసు మీద తేదీ వేస్తారు.

అపోహ: కౌన్సిల్ తిరస్కరించింది, ఇక అయిపోయినట్టే.

కాదు. డెవలపర్‌కు ఆరు నెలల లోపు ప్లానింగ్ ఇన్‌స్పెక్టరేట్‌కు (ఇలాంటి అప్పీళ్లు తేల్చే జాతీయ సంస్థకు) అప్పీలు చేసుకునే హక్కుంది. అనుమతి వస్తే పక్కింటివాళ్లకు అలాంటి హక్కు లేదు. కోర్టుకు వెళ్లొచ్చు, ఆరు వారాల్లోపు, అదీ నిర్ణయం చట్టప్రకారం జరిగిందా లేదా అన్నదాని మీదే. ఇది సమానమైన ఏర్పాటు కాదు. కౌన్సిల్ సరైన ఆధారం లేకుండా కాదంటే అప్పీలు ఖర్చులు కూడా కట్టాల్సి రావచ్చు, అందుకే కౌన్సిలర్లు జంకుతారు. వాళ్లకు ధైర్యమిచ్చేది మీరు ఇచ్చే ఆధారమే. అప్పీలు వేస్తే మీ పాత ఉత్తరం కూడా ఇన్‌స్పెక్టర్ దగ్గరికి వెళ్తుంది.

ఐదేళ్ల కిందట ఒక అప్పీలులో నేను ఊరివాళ్ల తరఫున కూర్చున్నాను. ఆ ఊళ్లో ఒక పెద్దాయన పొలం పక్క కల్వర్టు దగ్గర రోడ్డు మునిగిన ప్రతిసారీ తేదీతో ఫొటో తీసి పెట్టుకున్నారు, పదకొండేళ్లవి. డెవలపర్ వరద రిపోర్టు ఆ నేలలో నీరు ఇంకిపోతుందని చెప్పింది. స్థలం చూడటానికి వచ్చిన రోజు ఇన్‌స్పెక్టర్ ఆ ఫొటోలు చేతిలో పట్టుకుని, ఏది ఎక్కడి నుంచి తీశారో పోల్చుకుంటూ కల్వర్టు దగ్గర చాలాసేపు నిలబడ్డారు. చివరికి అనుమతి వచ్చింది. కానీ డ్రైనేజీ మళ్లీ లెక్కకట్టి కౌన్సిల్ ఒప్పుకున్నాకే పునాది తీయాలని షరతు పెట్టారు. వాన నీరు నిలిపే కుంట ఇంకో మూలకు జరిగింది, పెద్దదయింది. నిరుడు ఫిబ్రవరిలో నాలుగు రోజుల ముసురు తర్వాత పనిమీద ఆ దారినే వెళ్లాను. కుంట నిండుగా ఉంది. కల్వర్టు దగ్గర రోడ్డు మీద నీళ్లు లేవు.