గేమ్‌లో తోడు స్నైపర్: కొన్ని అపోహలు, వాస్తవాలు

యుద్ధం గేముల్లో ప్లేయర్ వెంట ఉండే పాత్రలకు ఏఐ రాయడం నా పని. కొత్తగా ఈ రంగంలోకి వచ్చేవాళ్లు డెమోలు పంపుతుంటారు. తెరిస్తే చాలాసార్లు ఒకటే సీను. మేడ మీద మన పక్షం స్నైపర్, కింద గుంపుగా శత్రువులు, వరసపెట్టి హెడ్‌షాట్లు. కింద ఒక ప్రశ్న: "ఏఐ ఎలా ఉంది సార్?"

అపోహ: గురి ఎంత పక్కాగా ఉంటే ఏఐ అంత గొప్పది.

కానే కాదు. ఈ ఒక్క నమ్మకం వల్ల ఎంతమంది ఎన్ని నెలలు పోగొట్టుకుంటున్నారో చూస్తుంటే బాధేస్తుంది. శత్రువు తల ఎక్కడుందో ప్రోగ్రామ్‌కి ముందే తెలుసు. తుపాకీ నుంచి ఆ తలకి ఒక గీత గీసి, మధ్యలో గోడ అడ్డుందేమో రేకాస్ట్‌తో చూసుకుంటే పనైపోయింది. బుల్లెట్ ప్రయాణానికి టైమ్ పట్టే గేముల్లో, పరిగెత్తే వాడికి ఎంత ముందుగా గురిపెట్టాలన్నది ఒక చిన్న సమీకరణం. జవాబులు పక్కన పెట్టుకుని పరీక్ష రాసినవాడికి వందకు వంద వస్తే మెచ్చుకుంటామా?

కష్టమంతా ఎప్పుడు కాల్చకూడదు, ఎవరిని ప్లేయర్‌కి వదిలేయాలి అన్న దగ్గరే ఉంది.

ఒక ప్లేటెస్ట్‌లో జరిగింది చెప్తాను. ఆడటానికి వచ్చినాయన కాసేపు హుషారుగానే ఆడాడు. తర్వాత వెళ్లి గోడచాటున నక్కాడు. కంట్రోలర్ ఒళ్లో పెట్టుకుని, సీసా మూత తీసి తీరిగ్గా నీళ్లు తాగాడు. పైనుంచి స్నైపర్ ఒక్కొక్కణ్నీ పడగొడుతూనే ఉన్నాడు. ఏమైందండీ అని అడిగితే, "వాడు చూసుకుంటున్నాడుగా" అన్నాడు. ఆ స్నైపర్‌ని రాసిన కుర్రాడు నా పక్కనే నిలబడి ఉన్నాడు, పాపం. ఆ బిల్డ్‌లో ఒక్క బగ్ కూడా లేకుండా పనిచేసింది అతని కోడే.

మరి ఏం చేస్తామంటే, ప్లేయర్ ఎవరి మీద గురిపెట్టాడో వాడి జోలికి స్నైపర్‌ని పోనివ్వం. వెనకనుంచి వచ్చేవాడు, రాకెట్ లాంచర్ ఎత్తినవాడు స్నైపర్ వాటా. షాట్‌కీ షాట్‌కీ మధ్య కావాలనే ఎడం పెడతాం. ప్లేయర్ హెల్త్ బాగా తగ్గినప్పుడు మాత్రం ఆ ఎడం తగ్గిస్తాం. కొన్నిసార్లు మొదటి గుండు శత్రువు పక్కన గోడకి తగిలేలా చేస్తాం. వాడు తల దించుకుంటాడు, ప్లేయర్ అవతలి కవర్‌కి పరిగెత్తడానికి సందు దొరుకుతుంది. ఇంకోటి, కంటపడని సాయం చేయనట్టే లెక్క. అందుకే ముందు "ఎడమ కిటికీలో ఉన్నాడు!" అని ఒక అరుపు, ప్లేయర్ తల తిప్పేంత టైమ్, అప్పుడు షాట్.

పెద్ద గేములు దీన్ని కథలోనే ఎంత తెలివిగా సర్దాయో చూడండి. 2007లో వచ్చిన కాల్ ఆఫ్ డ్యూటీ 4లో ప్రిప్యాత్ మిషన్‌లో కెప్టెన్ మెక్‌మిలన్ మనకంటే ఎంతో అనుభవమున్న స్నైపర్. అలాంటి మనిషి మీద హెలికాప్టర్ కూలి కాలికి గట్టి దెబ్బ తగులుతుంది, నడవలేడు, మనం భుజాన వేసుకుని మోయాలి. మోస్తున్నంతసేపూ మనం కాల్చలేం. దించితే ఆయన కాలుస్తాడు, కానీ కదల్లేడు. ఎక్కడ దించాలన్నది మన ఇష్టం. సాయం తగ్గలేదు, నిర్ణయం మాత్రం ప్లేయర్ చేతికొచ్చింది. 2008లో వచ్చిన వరల్డ్ ఎట్ వార్‌లో స్టాలిన్‌గ్రాడ్ దగ్గర మన పక్షం సోవియట్ స్నైపర్ రెజ్నోవ్ చేతికి గాయం. అందుకే రైఫిల్ మనకిచ్చి పక్కనుంచి దారి చూపిస్తాడు. నాకు ఇదంటే మరీ ఇష్టం.

అపోహ: స్నైపర్ గోడల్లోంచి చూస్తాడు, గేమ్ మోసం చేస్తోంది.

పైన చెప్పాగా, ప్రోగ్రామ్‌కి అన్నీ తెలుసు. తెలియనట్టు నటింపజేయడమే మా ఉద్యోగం. ఒక్కోసారి ఆ నటన కుదరదు, అంతేగానీ మోసం కాదు.

అపోహ: కాల్ ఆఫ్ డ్యూటీ వాన్‌గార్డ్‌లో పోలీనా కథ నిజంగా జరిగింది.

2021లో వచ్చిన ఆ గేమ్‌లోని పోలీనా పెట్రోవా కల్పిత పాత్ర. దానికి స్ఫూర్తి రెండో ప్రపంచ యుద్ధంలో పోరాడిన సోవియట్ స్నైపర్ ల్యుద్మిలా పావ్లిచెంకో. ఆమె ఒడెస్సా, సెవాస్టొపోల్‌లలో పోరాడింది. ఆమె కాల్చి చంపినవాళ్ల లెక్క 309 అని చెప్తారు. 1942లో గాయపడ్డాక ఆమెను మళ్లీ ముందు వరసకి పంపలేదు. గేమ్‌లో పోలీనా కథ నడిచే స్టాలిన్‌గ్రాడ్ యుద్ధంలో ఆమె లేదు.

అపోహ: తోడు పాత్రలు మన ఆట చూసి నేర్చుకుంటాయి. కాబట్టి మెషిన్ లెర్నింగ్ రాకపోతే గేమ్ ఏఐ ఉద్యోగం రాదు.

మొదటి ముక్క ఎవరో వీడియోలో చెప్పింది, దాన్ని పట్టుకుని ఊరంతా తిప్పుతున్నారు. విడుదలైన షూటర్లలో తోడు పాత్రలు ఎక్కువగా నడిచేది మనుషులు రాసిన నియమాల మీదే. బిహేవియర్ ట్రీలు (ఏ పరిస్థితిలో ఏం చేయాలో కొమ్మలు కొమ్మలుగా రాసుకున్న చెట్టు), స్టేట్ మెషిన్లు (దాక్కోవడం, కాల్చడం లాంటి స్థితుల మధ్య ఎప్పుడు మారాలో చెప్పే నియమాలు), కొన్ని టైమర్లు, బోలెడన్ని అంకెల సర్దుబాట్లు. రెండో ముక్క నమ్మి టెన్షన్ పడుతూ రాసేవాళ్ల మీద మాత్రం నాకు కోపం రాదు. బాబూ, అమ్మా, ముందు వెక్టర్ల తీసివేత, డాట్ ప్రొడక్ట్ బాగా చూసుకోండి. శత్రువు ప్లేయర్‌కి ముందున్నాడా వెనకున్నాడా అన్నది, ప్లేయర్ చూసే దిశకీ ప్లేయర్ నుంచి శత్రువు వైపు గీసిన వెక్టర్‌కీ డాట్ ప్రొడక్ట్ ప్లస్సా మైనస్సా అన్నదాన్ని బట్టే తెలిసిపోతుంది. వెనకున్నవాణ్ని మాత్రమే కాల్చే స్నైపర్‌తో ఒక చిన్న డెమో చేయండి. పంపేటప్పుడు ప్లేయర్ ఎంతమందిని కొట్టాడో, స్నైపర్ ఎంతమందిని కొట్టాడో స్క్రీన్ మూలన కనిపించేలా పెట్టండి. నేను మొదట చూసేది అదే.