"ఈ వయసులో వాళ్ళకి ఫోన్ ఏం ఎక్కుతుంది?": కొన్ని అపోహలు - వాస్తవాలు

పెద్దవాళ్ళకి స్మార్ట్‌ఫోన్ వాడకం నేర్పడం నా పని. తీసుకొచ్చిన కొడుకో కూతురో గుమ్మం దగ్గరే "ఎన్నిసార్లు చెప్పినా నాన్నకి ఎక్కదండీ" అనేసి వెళ్తారు. నాన్నగారు పక్కనే నిలబడి వింటూ ఉంటారు.

అపోహ: వయసు మీద పడ్డాక కొత్తవి బుర్రకెక్కవు.

వాస్తవం: నేర్చుకునే వేగం తగ్గుతుంది, శక్తి పోదు. చాలాసార్లు ఇబ్బంది వేలి దగ్గర ఉంటుంది. టచ్ స్క్రీన్‌కి బలం అక్కర్లేదు. వేలు తగిలినప్పుడు విద్యుత్ క్షేత్రంలో వచ్చే మార్పును అది పసిగడుతుంది. వయసుతో చర్మం పొడిబారితే ఒక్కోసారి ఆ స్పర్శ అందదు. దాంతో వీళ్ళు ఇంకా గట్టిగా, ఎక్కువసేపు అదిమిపెడతారు. ఫోన్ దాన్ని లాంగ్ ప్రెస్ అనుకుని ఏదో మెనూ తెరుస్తుంది, ఐకాన్లు చోటు మారిపోతాయి. "అయ్యో, పాడుచేశానేమో" అన్న భయం అక్కడే పుడుతుంది. ఆండ్రాయిడ్‌లో అయితే యాక్సెసిబిలిటీ సెట్టింగ్స్‌లో టచ్ అండ్ హోల్డ్ డిలే అని ఉంటుంది, దాన్ని లాంగ్‌లో పెట్టండి. అక్షరాల సైజు పెంచండి.

ఇవేవీ చూడకుండా "ఇలా ఇవ్వు నాన్నా, నేను చేస్తా" అని ఫోన్ లాక్కుంటారు. పని నిమిషంలో అయిపోతుంది, ఆయన మాత్రం మళ్ళీ అడగరు. అలా అడగడం మానేసిన మనిషి, "మీ అకౌంట్ బ్లాక్ అవుతుంది, ఓటీపీ చెప్పండి" అని ఎవడో ఫోన్ చేసినప్పుడూ పిల్లల్ని అడగరు. డబ్బు పోయినా తిడతారని దాచేస్తారు. ఎంతోమంది ఇలా కుమిలిపోవడం చూశాను. దయచేసి ఫోన్ వాళ్ళ చేతిలోనే ఉంచండి. మీరు నోటితో చెప్పండి, వాళ్ళనే నొక్కనివ్వండి.

నా దగ్గరికి ఒక రిటైర్డ్ మాస్టారు వచ్చేవారు. ప్రతి స్టెప్పూ నోట్‌బుక్‌లో రాసుకునేవారు. ఒకరోజు నోట్‌బుక్ మూసేసి "నాకు మతిమరుపు వచ్చేసిందమ్మా" అన్నారు. చూస్తే యాప్ అప్‌డేట్ అయి బటన్ చోటు మారింది. ఆయన రాసుకున్నదీ, గుర్తుపెట్టుకున్నదీ రెండూ కరెక్టే. అదే చెప్పాను. కాసేపు ఊరుకుని, "ఈ మాట మా వాడికి మీరు చెప్తారా?" అని అడిగారు.

అపోహ: వాట్సాప్‌లో బ్లూ టిక్కులు పడ్డా జవాబివ్వలేదంటే లెక్కలేనట్టే.

వాస్తవం: చాట్ తెరిచారని మాత్రమే దాని అర్థం. రాత్రంతా టిక్కులు చూస్తూ టెన్షన్ పడే అమ్మలకి చెబుతున్నాను, అర్జెంటైతే ఫోనే చేయండి.

అపోహ: ఫోన్‌లో గట్టిగా అరిస్తే అర్థమవుతుంది.

వాస్తవం: వయసుతో సాధారణంగా ముందు తగ్గేది హై పిచ్ శబ్దాల వినికిడి. పాత తరహా ఫోన్ లైన్ ఎటూ 300 నుంచి 3400 హెర్ట్జ్ వరకే మోస్తుంది. అందుకే గొంతు వినిపించినా స, శ లాంటి హై పిచ్ శబ్దాలు తేలవు. నిదానంగా మాట్లాడండి. వీడియో కాల్‌లో పెదవులు కనిపిస్తే ఇంకా మేలు. ఓసారి వినికిడి పరీక్ష కూడా చేయించండి.

అపోహ: ఫలానా వీడియో తెరిస్తే పది సెకన్లలో ఫోన్ హ్యాక్ అవుతుంది.

వాస్తవం: ఏళ్ళుగా తిరుగుతున్న పుకారు. డిలీట్ చేసేయండి.

అపోహ: పెద్దవాళ్ళ గుడ్ మార్నింగ్ ఫొటోలు ఉత్త కాలక్షేపం.

వాస్తవం: చాలామందికి అదే పలకరింపు. మ్యూట్‌లో పెట్టుకోండి, తప్పులేదు. రోజూ వచ్చేది ఒకరోజు రాకపోతే మాత్రం వెంటనే ఫోన్ చేయండి.