ఏ, యాన్, ద: క్లాసులో రోజూ ఎదురయ్యే అపోహలు

స్పోకెన్ ఇంగ్లీష్ క్లాసుకు వచ్చేవాళ్లలో చాలామందికి టెన్సులు వచ్చు, పాసివ్ వాయిస్ కూడా వచ్చు. తడబడేది ఆర్టికల్స్ అనే ఈ చిన్న మాటల దగ్గరే. బళ్లో బట్టీ పట్టిన సూత్రాలు సగమే నిజం కావడం వల్ల వచ్చిన తంటా ఇది.

అపోహ: ఏ, ఈ, ఐ, ఓ, యూ అక్షరాల ముందు 'యాన్', మిగతావాటి ముందు 'ఏ'.

వాస్తవం: చూడాల్సింది స్పెల్లింగ్ కాదు, పలికేటప్పుడు మొదట వచ్చే శబ్దం. 'యూనివర్సిటీ' పలుకులో మొదట ఉన్నది 'య', అందుకే 'ఏ యూనివర్సిటీ'. 'అవర్'లో హెచ్ రాస్తాం కానీ పలకం, కాబట్టి 'యాన్ అవర్'. పొడి అక్షరాలకూ అంతే: 'యాన్ ఎమ్మెల్యే', 'యాన్ ఎస్సై', 'యాన్ ఎఫ్‌ఐఆర్', కానీ 'ఏ సీఐ'.

తెలుగువాళ్లకు ఇక్కడ ఇంకో చిక్కుంది. సంవత్సరాన్నీ 'ఇయర్' అంటాం, చెవినీ 'ఇయర్' అంటాం. దాంతో 'యాన్ ఇయర్ ఎగో' అని నోటికి వచ్చేస్తుంది. ఆఫీసు మెయిల్స్‌లో, రెజ్యూమెల్లో కూడా ఈ తప్పు దర్జాగా కూర్చుని ఉంటుంది. సంవత్సరం అసలు పలుకు 'యియర్'. ముందు 'య' ఉంది కాబట్టి దానికి 'ఏ'. 'యాన్' చెవికే.

అపోహ: మొదటిసారి చెబితే 'ఏ', రెండోసారి 'ద'.

వాస్తవం: అనగనగా ఒక రాజు కథలకు ఇది సరిపోతుంది. అసలు వేసుకోవాల్సిన ప్రశ్న వేరు: నేను దేని గురించి అంటున్నానో ఎదుటివాళ్లకు తెలుసా? 'స్విచ్ ఆఫ్ ద ఫ్యాన్' అంటాం. అంతకుముందు ఫ్యాన్ ఊసే లేదు, అయినా ఏ ఫ్యానో గదిలో ఉన్నవాళ్లకు తెలుసు. ఇంకోటి చూడండి: 'ఐ బాట్ ఏ సెకండ్‌హ్యాండ్ బైక్. ద బ్రేక్స్ డోంట్ వర్క్. ఇట్ హ్యాజ్ ఏ బ్రోకెన్ మిర్రర్.' బైకు అన్నాక బ్రేకులు ఉంటాయి, అందుకే మొదటి ప్రస్తావనకే 'ద'. అద్దాలు రెండు, పగిలింది ఏదో వినేవాడికి తెలియదు, అందుకే 'ఏ'. ఈ ఒక్క ప్రశ్న అలవాటైతే సగం టెన్షన్ పోతుంది.

అపోహ: తెలుగులో ఇలాంటి తేడా లేదు, అందుకే మనకు పట్టుబడదు.

వాస్తవం: 'పుస్తకం చదివాను', 'పుస్తకాన్ని చదివాను' అని పైకి అనుకుని చూడండి. రెండోది వినగానే 'ఏ పుస్తకం?' అని అడగాలనిపిస్తుంది. ఆ స్పృహ మనకు ఉంది, దానికి విడిగా మాట లేదంతే.

అపోహ: ఉద్యోగం పేరు ముందు ఏమీ అక్కర్లేదు.

వాస్తవం: 'ఐ యామ్ సాఫ్ట్‌వేర్ ఇంజనీర్' తప్పు. 'ఏ' పెట్టాల్సిందే. ఒక్కరే ఉండే పదవికి వదిలేయవచ్చు: 'షీ ఈజ్ ప్రిన్సిపాల్ ఆఫ్ అవర్ కాలేజ్'.

అపోహ: పేర్ల ముందు 'ద' రాదు.

వాస్తవం: హైదరాబాద్‌కు రాదు, నదులకు వస్తుంది: 'ద గోదావరి', 'ద కృష్ణా'. 'కొల్లేరు లేక్'కు రాదు. 'ద హిమాలయాస్' అంటారు, ఎవరెస్ట్‌ను ఉత్తినే ఎవరెస్ట్ అంటారు. అబ్బాయి అమెరికాలో ఉంటే 'ఇన్ అమెరికా' లేదా 'ఇన్ ద యూఎస్'. యుక్రెయిన్‌కు ఒకప్పుడు 'ద' తగిలించేవారు, 1991లో స్వతంత్ర దేశమయ్యాక ఆ వాడుక తగ్గిపోయింది. వీటికి తర్కం వెతికి లాభం లేదు, వింటూ పోతే అవే పడతాయి.

అపోహ: ఆర్టికల్ పోయినా అర్థం పోదు.

వాస్తవం: చాలాసార్లు పోదు, నిజమే. కానీ డాలస్‌లో 'ఏ ఫ్యూ ఫ్రెండ్స్' ఉన్నారంటే దిగగానే ఫోన్ చేయడానికి కొందరున్నారని. ఉత్త 'ఫ్యూ ఫ్రెండ్స్' అంటే చెప్పుకోదగ్గవాళ్లు లేరని. పాప చదువుకోవడానికి 'గోజ్ టు స్కూల్', ఫీజు కట్టడానికి వెళ్లే నాన్న 'గోజ్ టు ద స్కూల్'. ఆసుపత్రిలో చేరినవాళ్లు బ్రిటన్‌లో 'ఇన్ హాస్పిటల్', అమెరికాలో 'ఇన్ ద హాస్పిటల్'. పరీక్ష రాస్తున్నవాళ్లు ఏ దేశపు ఇంగ్లీషో ఒకటి ఎంచుకుని దానికే కట్టుబడండి.