సెస్నా 150, 152: ట్రైనింగ్‌లో వినిపించే అపోహలు - వాస్తవాలు

ఫ్లయింగ్ నేర్చుకునే పిల్లలు సెస్నా కంపెనీ రెండు సీట్ల ట్రైనింగ్ విమానాలు 150, 152 గురించి నన్ను తరచుగా అడిగేవి ఇవే, అందుకే ఒకచోట రాస్తున్నా.

అపోహ: 150 పూర్తిగా కొత్త డిజైన్.

వాస్తవం: కాదండీ. రెండో ప్రపంచ యుద్ధం అయిపోగానే తిరిగొచ్చిన సైనికులంతా విమానాలు కొంటారని అమెరికా కంపెనీలు లెక్కలేసుకున్నాయి, సెస్నా 120, 140 ఆ ఊపులో వచ్చినవే. కానీ మార్కెట్ పడిపోయింది, 1951లో 140 ఆగిపోయింది. 1957లో మొదటిసారి ఎగిరిన 150 దాన్నుంచి పుట్టిందే, పెద్ద మార్పు ఏంటంటే తోక కింది చక్రం ముక్కు కిందకొచ్చింది. తోక చక్రం ఉంటే బరువు మెయిన్ వీల్స్ వెనక పడుతుంది, కాస్త వంకరగా దిగితే తోక పక్కకి తిరిగిపోవాలని చూస్తుంది. ముక్కు చక్రం ఉన్నదైతే తనే సర్దుకుంటుంది, కొత్తవాళ్లకి అదే ప్రాణం.

అపోహ: 152 అంటే కాస్త పవర్ పెంచిన 150, అంతే.

వాస్తవం: అసలు కథ ఫ్యూయల్‌ది. 150లో ఉన్న 100 హార్స్‌పవర్ కాంటినెంటల్ ఇంజిన్ 80 ఆక్టేన్ పెట్రోలుకి చేసింది. 70ల్లో అది దొరకడం తగ్గి 100 లో లెడ్ అనే విమాన పెట్రోలు వచ్చింది, పేరుకే లో లెడ్ (తక్కువ సీసం), పాత 80 గ్రేడ్‌తో పోలిస్తే సీసం నాలుగు రెట్ల దాకా ఉండొచ్చు. స్పార్క్ ప్లగ్ విప్పితే అడుగున బూడిదరంగు సీసం పూసలు ఇరుక్కుని కనిపిస్తాయి, మాగ్నెటో చెక్‌లో, అంటే టేకాఫ్‌కి ముందు ప్లగ్‌లకి నిప్పురవ్వ ఇచ్చే మాగ్నెటోల్ని ఒక్కోటిగా పరీక్షించేటప్పుడు, ఇంజిన్ దడదడలాడుతుంది. అందుకే 1977లో 110 హార్స్‌పవర్ లైకమింగ్ పెట్టి 152 తెచ్చారు. అయినా ఆ పూసలు పూర్తిగా పోలేదు, టాక్సీలో, అంటే నేల మీద నడిపేటప్పుడు, మిక్స్‌చర్ లీన్ చెయ్యమని (గాలిలో కలిసే పెట్రోలు తగ్గించమని) మేం మొత్తుకునేది దీనికే. ఫ్లాప్స్ (దిగేటప్పుడు రెక్కల వెనక కిందికి వంచే పలకలు) కూడా గరిష్ఠంగా 40 డిగ్రీల నుంచి 30కి తగ్గించారు, 40తో గో-అరౌండ్ చేస్తే, అంటే దిగడం మానేసి మళ్లీ పైకెళ్లాలంటే, పైకి లేవడం చాలా కష్టం.

అపోహ: ఇంజిన్ ఆగితే రాయిలా పడిపోతుంది.

వాస్తవం: పడదు. 60 నాట్స్ (గంటకి సుమారు 110 కి.మీ.) స్పీడ్ పట్టుకుంటే గాలి లేనప్పుడు ప్రతి 1,000 అడుగుల ఎత్తుకీ సుమారు ఒకటిన్నర నాటికల్ మైళ్లు (2.8 కి.మీ.) ముందుకి వెళ్తుంది.

అపోహ: రెండు సీట్లున్నాయి కాబట్టి ఇద్దరు ఎక్కి ట్యాంకులు నింపేయొచ్చు.

వాస్తవం: 152 మొత్తం బరువు 757 కిలోలు దాటకూడదు, ఖాళీదే 500 పైన, ఫుల్ ఫ్యూయల్ ఇంకో 70, ఇక మనుషులకీ బ్యాగులకీ కలిపి మిగిలేది 170, 180. పైగా మే నెలలో 42 డిగ్రీల మధ్యాహ్నం, వేడికి గాలి పల్చబడి, సముద్రమట్టానికి 1,700 అడుగుల ఎత్తున్న బేగంపేట రన్‌వే కూడా ఇంజిన్‌కీ రెక్కకీ 5,000 అడుగుల పైన ఉన్నట్టే, పరుగు పెరుగుతుంది, క్లైంబ్ తగ్గుతుంది. అలాంటి రోజు ఫుల్ ట్యాంక్ కావాలంటే ముందు వెయిట్ అండ్ బ్యాలెన్స్ షీట్ (బరువుల లెక్క కాగితం) నా చేతిలో పెట్టండి.