కడుపులో బిడ్డకు నీరు పట్టిందా? తల్లినీ చూడాలి: హైడ్రాప్స్‌పై అపోహలు - వాస్తవాలు

బిడ్డ పొట్టలో, ఊపిరితిత్తుల చుట్టూ, గుండె చుట్టూ, చర్మం కింద... వీటిలో కనీసం రెండు చోట్ల నీరు చేరితే దాన్ని హైడ్రాప్స్ అంటాం. స్కాన్‌లో ఆ మాట వినపడ్డ రోజు నుంచి ఇంటిల్లిపాదీ బిడ్డ గురించే అడుగుతారు. అది సహజమే. కానీ ఏడో నెల దాటాక ఈ సమస్యతో వచ్చే గర్భిణులను చూసే డాక్టర్‌గా నాకు ఎక్కువ టెన్షన్ తల్లి గురించే ఉంటుంది. ఆమె ఒంట్లో వచ్చే మార్పులను ఇంట్లో ఎవరూ పట్టించుకోరు.

అపోహ: నెలలు నిండుతుంటే ఒంటికి నీరు రావడం మామూలే. బార్లీ నీళ్లు తాగి, ఉప్పు తగ్గిస్తే దిగిపోతుంది.

సాయంత్రానికి పాదాలు కాస్త ఉబ్బి, తెల్లారేసరికి తగ్గిపోతే కంగారు లేదు. హైడ్రాప్స్ ఉన్న బిడ్డను మోస్తున్న తల్లికి మాత్రం ఆ మాట చెప్పి ఊరుకోకూడదు. కొందరిలో బిడ్డకు పట్టినట్టే తల్లికీ నీరు పడుతుంది. దీని పేరు మిర్రర్ సిండ్రోమ్. స్కాట్లాండ్ డాక్టర్ బాలంటైన్ 1892లోనే దీన్ని వర్ణించారు. ఉబ్బిపోయిన మాయ నుంచి తల్లి రక్తంలోకి చేరే పదార్థాలే దీనికి కారణమని భావిస్తున్నారు. అక్కడ బార్లీ నీళ్లు చేసేదేమీ లేదు.

కొద్ది రోజుల్లోనే బరువు అమాంతం పెరగడం, ముఖం ఉబ్బడం, ఉంగరం బిగుసుకుపోవడం, తగ్గని తలనొప్పి, మూత్రం తగ్గడం, బీపీ 140/90 చేరడం... వీటిలో ఏది కనిపించినా అదే రోజు ఆసుపత్రికి రండి. వెల్లకిలా పడుకుంటే ఆయాసం వస్తోందంటే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోందేమోనని అనుమానించాలి. రాత్రయినా సరే, తెల్లారేదాకా ఆగకుండా 108కి ఫోన్ చేయండి.

అపోహ: హిమోగ్లోబిన్ పడిపోయింది కాబట్టి రక్తం ఎక్కించాలి, నీరసంగా ఉంది కాబట్టి సెలైన్ పెట్టాలి.

ఇక్కడ చాలా జాగ్రత్త కావాలి. గుర్రపువాతానికి దారితీసే బీపీ జబ్బు ప్రీఎక్లాంప్సియాలో రక్తం సాధారణంగా చిక్కబడుతుంది. మిర్రర్ సిండ్రోమ్‌లో పలచబడుతుంది. అందుకే హిమోగ్లోబిన్ తక్కువగా కనిపిస్తుంది. రక్తం పోయి తగ్గడం వేరు, ఒంట్లో నీరు ఎక్కువై తగ్గడం వేరు. రెండో రకానికి సెలైన్ సీసాలు వరసగా ఎక్కిస్తే ఊపిరితిత్తులు నీటితో నిండిపోతాయి. లోపలికి వెళ్లే ప్రతి చుక్కకూ, బయటికి వచ్చే మూత్రానికీ లెక్క రాయాల్సిందే.

బిడ్డకు ఉన్న కారణం నయం చేయగలిగేదైతే, బిడ్డకు నీరు తగ్గాక తల్లీ తేరుకుంటుంది. అలా కాకపోతే చాలామందిలో కాన్పు చేయడమే దారి. తల్లి పరిస్థితి నిలకడగా ఉంటే సాధారణంగా 37, 38 వారాల దాకా చూస్తాం. మిర్రర్ సిండ్రోమ్ ముదిరితే ఆగడం తల్లి ప్రాణం మీదికి తెస్తుంది.

అపోహ: మా ఇద్దరివీ పాజిటివ్ గ్రూపులే, మాకు హైడ్రాప్స్ రాదు.

తల్లిది నెగటివ్, బిడ్డది పాజిటివ్ గ్రూపైతే వచ్చేది ఒక రకమే. బిడ్డ గుండె లోపాలు, గుండె మితిమీరిన వేగంతో కొట్టుకోవడం, క్రోమోజోమ్ తేడాలు, పార్వో వైరస్, సిఫిలిస్, కవలల మధ్య రక్తం పంపకంలో తేడా... జాబితా పెద్దది. మేనరికపు పెళ్లిళ్లలో కొన్ని అరుదైన జన్యు వ్యాధుల అవకాశం ఎక్కువ. గ్రహణానికీ, దిష్టికీ సంబంధమే లేదు. బిడ్డ మెదడుకు వెళ్లే రక్తనాళంలో రక్తం ఎంత వేగంగా పారుతోందో డాప్లర్‌లో చూస్తే రక్తహీనతను పసిగట్టవచ్చు. అదే కారణమైతే కడుపులోనే బిడ్డకు రక్తం ఎక్కించవచ్చు. సుమారు 35 వారాలు దాటితే మాత్రం సాధారణంగా కాన్పు వైపే మొగ్గుతాం.

అపోహ: ఇప్పుడు యాంటీ-డి ఇంజెక్షన్ చేస్తే బిడ్డకు నయమవుతుంది.

నెగటివ్ గ్రూపు తల్లి ఒంట్లో బిడ్డ రక్తకణాలను దెబ్బతీసే యాంటీబాడీలు ఒకసారి తయారయ్యాక ఆ ఇంజెక్షన్ పనిచేయదు. అవి తయారవకుండా ఆపడానికే ఆ ఇంజెక్షన్: 28 వారాలకు ఒకటి, బిడ్డది పాజిటివ్ అయితే కాన్పయిన 72 గంటల్లోపు ఇంకొకటి. గర్భస్రావమైనా డాక్టర్‌ను అడిగి వేయించుకోవాలి.

అపోహ: ఇలాంటి బిడ్డకు సిజేరియన్ తప్పదు.

బతికే అవకాశం బాగా ఉన్న బిడ్డకు చాలాసార్లు అవసరమవుతుంది. అవకాశం దాదాపు లేదని తేలినప్పుడు, సిజేరియన్ కోత తల్లి తర్వాతి గర్భానికి భారం. స్కాన్ చూస్తూ బిడ్డ పొట్టలోని నీరు సూదితో తీసి మామూలు కాన్పుకు ప్రయత్నించవచ్చు. ఏ పద్ధతైనా, ఉమ్మనీరు ఎక్కువై సాగిపోయిన గర్భసంచి కాన్పు తర్వాత సరిగా ముడుచుకోదు, రక్తస్రావం ఎక్కువవుతుంది. మీది నెగటివ్ గ్రూపైతే రక్తదాతలను వారం ముందే చూసి పెట్టుకోండి. బ్లడ్ బ్యాంకు, పసిపిల్లల ఐసీయూ, తల్లికి ఐసీయూ మూడూ ఒకేచోట ఉన్న ఆసుపత్రినే ఎంచుకోండి.

అపోహ: బిడ్డ దక్కలేదు, ఇంక పరీక్షలెందుకు?

ఆ బాధలో ఈ మాట ఎంత కష్టంగా ఉంటుందో తెలుసు. అందుకే కాన్పుకు ముందే మాట్లాడుకోమని కుటుంబాలను అడుగుతాను. బొడ్డుతాడు రక్తం, మాయ ముక్క, బిడ్డ చర్మం నమూనా తీసుకోవడానికి తర్వాత వీలుండదు. భార్యాభర్తలిద్దరి నుంచీ వచ్చిన జన్యులోపమని తేలితే, ప్రతి గర్భంలోనూ బిడ్డకు ఆ జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు ఉంటుంది. ఆ లోపం ఏదో తెలిస్తేనే తర్వాతిసారి 11 వారాలు దాటగానే మాయ నుంచి చిన్న ముక్క తీసి పరీక్షించగలం.