రొమ్ములో గడ్డకు ఏ సూది? వాదన మలుపు తిరిగింది 1998లో

రొమ్ములో గడ్డ తగిలితే ముందు ఎఫ్ఎన్ఎసి (సన్నసూదితో కణాలు లాగి చూసే పరీక్ష) చేయాలా, నేరుగా కోర్ బయాప్సీకి (లావు సూదితో గడ్డలోంచి చిన్న ముక్క తీయడం, మన ఆసుపత్రుల్లో ట్రూకట్ అంటారు) వెళ్లాలా అన్న వాదన మళ్లీ రాజుకుంది. సూదితో కణాలు లాగి చూడటం 1930ల నాటి నుంచీ ఉన్నదే. ఇప్పటి గొడవకు మూలం మాత్రం 1998లో ఉంది.

ఆ ఏడాది అమెరికాలో రొమ్ము క్యాన్సర్ మందు ట్రాస్టుజుమాబ్‌కు అనుమతి వచ్చింది. హెర్2 ప్రోటీన్ ఎక్కువగా ఉన్న క్యాన్సర్లకే ఆ మందు. దాంతో క్యాన్సరా కాదా అని తేలితే సరిపోయే రోజులు పోయాయి, హెర్2 ఎంత ఉందో కూడా చూడాల్సి వచ్చింది. హార్మోన్ రిసెప్టర్ల (క్యాన్సర్ కణాల్లో హార్మోన్లు అతుక్కునే ప్రోటీన్ల) పరీక్ష అంతకుముందే ఉన్నా, ఎక్కువగా ఆపరేషన్‌లో తీసిన గడ్డ మీదే చేసేవారు. ఆపరేషన్‌కు ముందే కీమో ఇవ్వడం పెరిగాక ఆ వీలూ తగ్గింది. మందుకు గడ్డ పూర్తిగా కరిగిపోతే పరీక్షించడానికి ఇంకేం మిగులుతుంది?

గేజ్ అంకె పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది. ఎఫ్ఎన్ఎసికి 22 నుంచి 25 గేజ్ సూది వాడతారు. లాగిన కణాలను స్లైడు మీద పరుస్తారు. అవి క్యాన్సర్ కణాలని తెలిసినా, పాలనాళం గోడ దాటాయో లేదో చెప్పలేం. కోర్ బయాప్సీలో ఆ చోట మత్తు ఇంజెక్షన్ ఇచ్చి, చిన్న గాటు పెట్టి, సాధారణంగా 14 గేజ్ సూది బిగించిన స్ప్రింగ్ గన్ నొక్కుతారు. టక్కుమని శబ్దం వస్తుంది, ఆ సంగతి పేషెంటుకు ముందే చెప్పాలి. సన్నని పురికొసలాంటి ముక్క వస్తుంది. దాన్ని గంటలోపు ముక్క చెడకుండా ఉంచే ద్రవమైన ఫార్మలిన్‌లో వేసి, 6 నుంచి 72 గంటలు ఉంచితేనే రిసెప్టర్ల ఫలితాన్ని నమ్మగలం. డెన్వర్‌లో స్టీవ్ పార్కర్ బృందం మామోగ్రామ్ ఆధారంగా ఈ గన్ వాడి 1990లోనే ఫలితాలు ప్రచురించింది. అంటే మందు వచ్చేసరికే పనిముట్టు సిద్ధంగా ఉంది.

ఎఫ్ఎన్ఎసి చవక, రిపోర్టు అదే రోజు ఇవ్వొచ్చు అని దాని పక్షం వారి మాట. అదీ నిజమే. నీటితిత్తులకు, చంకలోని గ్రంథులకు అది బాగా పనికొస్తుంది. 2020లో వచ్చిన యోకోహామా అనే అంతర్జాతీయ విధానం ఎఫ్ఎన్ఎసి రిపోర్టులను ఐదు తరగతులుగా క్రమబద్ధం చేసింది కూడా.

కానీ "అనుమానాస్పదం" అని వస్తే మళ్లీ ట్రూకట్ తప్పదు. జిల్లా నుంచి పెద్దాసుపత్రికి ఇంకో ప్రయాణం, ఇంకో రోజు కూలి నష్టం, సూది గుచ్చితే క్యాన్సర్ పాకుతుందేమోనని ఇంట్లో మళ్లీ అదే టెన్షన్. ఆ భయంతోనే తిరిగి రాని ఆడవాళ్లున్నారు. 60 రోజుల్లో నిర్ధారణ పూర్తవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ లక్ష్యం పెట్టింది. ఆ లెక్క పేషెంటు మొదటిసారి డాక్టరుకు చూపించుకున్న రోజు నుంచే మొదలవుతుంది.