దెబ్బ తగిలింది తలకా, మనిషికా?

2019 ఆగస్టు 17, లార్డ్స్ మైదానం, యాషెస్ రెండో టెస్టు. జోఫ్రా ఆర్చర్ వేసిన బౌన్సర్ స్టీవ్ స్మిత్‌కు మెడ మీద, చెవి కిందుగా తగిలింది. అప్పటికి 80 పరుగులు చేసిన స్మిత్ అక్కడే కింద పడిపోయాడు. డాక్టర్ పెట్టిన పరీక్షలన్నీ పాసయ్యాడు. ముప్పావు గంట తర్వాత మళ్లీ క్రీజులోకి వచ్చి ఇంకో 12 పరుగులు చేశాడు. మర్నాడు లేచేసరికి తలనొప్పి, మత్తు. కన్‌కషన్ అని తేల్చారు, అంటే తలకు తగిలిన అదురుకు మెదడు పనితీరు కొంతకాలం దెబ్బతినడం. అతని బదులు మార్నస్ లబుషేన్ బ్యాటింగ్‌కు దిగాడు. టెస్టుల్లో కన్‌కషన్ సబ్‌స్టిట్యూట్‌గా ఆడిన మొదటి ఆటగాడు లబుషేనే.

ఇందులో ఎవరినీ తప్పు పట్టడానికి లేదు. కన్‌కషన్ లక్షణాలు కొన్ని గంటలు గడిచాక బయటపడటం కొత్తేమీ కాదు. చిక్కు వేరే చోట ఉంది. మోకాలు బెణికితే ఆ సంగతి మెదడు చెబుతుంది. మెదడుకే దెబ్బ తగిలితే ఎవరు చెప్పాలి?

ఈ ప్రశ్న వెనక మనసుకూ శరీరానికీ సంబంధమేమిటన్న పాత వాదం ఉంది. మనసు వేరు, శరీరం వేరు అని ఫ్రెంచి తత్వవేత్త రెనె డెకార్ట్ గట్టిగా వాదించాడు. 1643లో బొహీమియా రాజకుమారి ఎలిజబెత్ ఆయనకు ఉత్తరాలు రాసింది. అప్పటికి ఆమెకు 24 ఏళ్లు. భౌతికం కాని ఆత్మ శరీరాన్ని ఎలా కదిలిస్తుందని ఆమె అడిగిన ప్రశ్నను తత్వశాస్త్రం చదివినవాళ్లంతా తలుచుకుంటారు. జూన్‌లో రాసిన ఉత్తరంలో ఇంకో ప్రశ్న ఉంది. నాకు అదే మరీ పదునైనదనిపిస్తుంది. చక్కగా ఆలోచించడం అలవాటైన ఆత్మ, ఒంట్లో పుట్టే ఆవిర్ల వల్ల ఆ నేర్పంతా ఎలా పోగొట్టుకుంటుంది? శరీరంతో ఏ పోలికా లేనిది, శరీరం లేకుండానే ఉండగలిగేది, దానికి ఇంతగా ఎందుకు లోబడుతుంది?

ఆవిర్ల మాట ఆనాటి వైద్యానిది. ప్రశ్న మాత్రం పాతబడలేదు. 2002లో అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో మైక్ వెబ్‌స్టర్ శవపరీక్ష జరిగింది. అమెరికన్ ఫుట్‌బాల్‌లో 17 సీజన్లు సెంటర్‌గా ఆడినవాడు. ఆ స్థానంలో ఆడేవాడికి బంతి కదిలిన ప్రతిసారీ ఎదుటివాడితో ఢీ తప్పదు. ఆట మానేశాక జ్ఞాపకం చెదిరింది, స్వభావం మారింది, ఇల్లు పోయి పికప్ ట్రక్కులో పడుకున్న రోజులున్నాయి. 50 ఏళ్లకే పోయాడు. మెదడు పైకి చూస్తే మామూలుగానే ఉంది. డాక్టర్ బెన్నెట్ ఒమాలు అంతటితో ఊరుకోలేదు. మెదడును పలచని పొరలుగా కోయించి, రంగులద్ది మైక్రోస్కోప్ కింద చూస్తే టౌ అనే ప్రొటీన్ ముద్దలు కనిపించాయి. 2005లో ఆ వివరాలు ప్రచురించాడు. ఆ జబ్బు పేరు క్రానిక్ ట్రామాటిక్ ఎన్‌సెఫలోపతీ, పొట్టిగా సీటీఈ.

మెదడు గట్టి పెరుగంత మెత్తన. పుర్రెలో ద్రవం మధ్య తేలుతూ ఉంటుంది. తల ఒక్కసారిగా గిర్రున తిరిగితే లోపలి నరకణాల పొడవాటి తీగలు సాగుతాయి, మెలిపడతాయి. ఆ తీగల లోపలి గొట్టాలను నిలబెట్టి ఉంచేది టౌ. సీటీఈలో అది రూపం మారి చిక్కుముడులు పడుతుంది. ముఖ్యంగా మెదడు మడతల అడుగున, సన్నని రక్తనాళాల చుట్టూ పేరుకుంటుంది. హెల్మెట్ పుర్రె పగలకుండా కాపాడుతుంది గానీ లోపల మెదడు కదలకుండా ఆపలేదు. పైగా కన్‌కషన్ దాకా వెళ్లని చిన్న దెబ్బలు కూడా ఏళ్ల తరబడి పోగుపడితే ప్రమాదమే. చనిపోయాక పరిశోధనకు మెదళ్లు దానం చేసిన 111 మంది ఎన్‌ఎఫ్‌ఎల్ (అమెరికన్ ఫుట్‌బాల్ ప్రొఫెషనల్ లీగ్) ఆటగాళ్లలో 110 మందికి సీటీఈ ఉన్నట్టు 2017లో వెలువడిన అధ్యయనంలో తేలింది. అనుమానం ఉన్న కుటుంబాలే ఎక్కువగా దానం చేస్తాయి కాబట్టి, ఆడినవాళ్లందరికీ అదే లెక్క వర్తించదు.

ఇక బాధ్యత సంగతి. ఆరన్ హెర్నాండెజ్ అనే ఎన్‌ఎఫ్‌ఎల్ ఆటగాడికి 2015లో హత్య కేసులో శిక్ష పడింది. 2017లో 27 ఏళ్లకే జైల్లో చనిపోయాడు. బోస్టన్ యూనివర్సిటీలో డాక్టర్ ఆన్ మెక్కీ పరిశీలిస్తే, నాలుగు దశల సీటీఈలో మూడో దశ కనిపించింది. జబ్బే హత్య చేయించిందని అనలేం. సీటీఈ ఉన్నవాళ్లలో చాలామంది ఎవరి జోలికీ పోరు. కానీ మనిషి ఒకటి, జబ్బు ఒకటి అని గీత గీయడమూ కుదరదు. కోపాన్ని ఆపుకునే ఓపిక, రేపటి గురించి ఆలోచించే తీరు మెదడు ముందుభాగం పని మీదే చాలావరకు ఆధారపడతాయి. ఆ భాగం పాడైనప్పుడు మనిషి చేతిలోని పనిముట్టు చెడిందనడం చాలదు. ఆ మనిషే కొంత మారిపోయాడు. నా ఉద్దేశంలో ఎలిజబెత్ పట్టుకున్నది ఈ చిక్కునే.

అందుకే తలకు దెబ్బ తగిలినవాణ్ని "ఆడగలవా?" అని అడిగి, అతని మాట మీద వదిలేయడం నాకు అన్యాయంగా తోస్తుంది. ఆడతాననే అంటాడు. అనుమానం ఉంటే చాలు, ఆ రోజుకు మైదానం బయటే కూర్చోబెట్టాలి. ఒకటి రెండు రోజులు ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉండాలి. తలనొప్పి పెరుగుతున్నా, మళ్లీ మళ్లీ వాంతులవుతున్నా, మాట తడబడినా, లేపితే సరిగా లేవకపోయినా తెల్లారేదాకా ఆగకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.